కడలిపువ్వును కోస్తే ఎందుకు పెరుగుతుంది

ఒకప్పుడు కడలిపువ్వును ముక్కలుగా కోస్తే చచ్చిపోయేది. అన్ని జీవుల్లాగే దానికీ ఒకటే ప్రాణం. పేరుకు పువ్వే గాని అది పువ్వు కాదు. రాయికి అతుక్కుని, మెత్తటి వేళ్లు ఆడిస్తూ, దగ్గరికొచ్చినదాన్ని చురుక్కుమని కుట్టి తినే జీవి.

ఆ రోజుల్లో సముద్రం ఒడ్డున నూకాలు అనే ఆమె ఉండేది. ఆమె మొగుడు ఎల్లాజీ రోజూ చేపల వేటకు వెళ్లేవాడు. పెరట్లో ఒక రాతి తొట్టి ఉండేది. నూకాలు సముద్రపు నీళ్లు మోసుకొచ్చి అందులో పోసేది. తొట్టిలో ఒక గులాబీరంగు పగడం, నాలుగు చిట్టి చేపలు ఉండేవి. పిల్లల్లేని ఆ ఇంట్లో ఆమె కబుర్లన్నీ వాటితోనే.

ఒకనాడు ఎల్లాజీ వలలో పడిన రాయి ఒకటి తెచ్చి తొట్టిలో పెట్టాడు. మర్నాడు దాని మీద గోధుమరంగు కడలిపువ్వు ఒకటి విచ్చుకుంది.

"ఎవరు నువ్వు? ఎలా వచ్చావు?" అంది నూకాలు.

"అదే నాకూ తెలీడం లేదు. నేను కూర్చున్న రాయి పైకి లేచింది. ఇది ఏ సముద్రం? ఇంత చిన్నగా ఉందేమిటి?" అంది పువ్వు.

ఇంతలో పక్కనున్న పగడం మూలిగింది. "నూకాలమ్మా, అది నన్ను కుడుతోంది."

"కాస్త అటు జరుగు," అంది నూకాలు.

"ఎటు? ఎటు జరిగినా గోడే," అంది పువ్వు.

మూడు రోజులకు పగడం సగం తెల్లబడిపోయింది. చేపలు తిండి మానేసి ఒక మూల నక్కాయి. నూకాలు ఇక లాభం లేదనుకుని చాకు తెచ్చింది.

చాకును చూసి పువ్వు వణికిపోయింది. సముద్రం వైపు తిరిగి, "తల్లీ, నన్ను ఒక్కటిగా బతకనీ," అని వేడుకుంది.

సరిగ్గా అప్పుడే పెద్ద అల ఒకటి రాళ్లకు కొట్టుకుని విరిగింది. ఆ హోరులో సముద్రానికి సగం మాటే వినిపించింది. "ముక్కలుగా బతకనీ అంటోందా? ఇదేం కోరికో," అనుకుంది సముద్రం. "సరే, అలాగే," అనేసింది.

నూకాలు పువ్వును అయిదు ముక్కలుగా కోసింది. మర్నాడు పొద్దున్నే వచ్చి చూస్తే తొట్టిలో అయిదు పువ్వులున్నాయి. కళ్లు నులుముకుని మళ్లీ చూసింది. అయిదే.

వాటినీ కోసింది. ఆ మర్నాటికి తొట్టి నిండిపోయింది.

"పువ్వుల తోట ఏస్తన్నావేటే?" అన్నాడు ఎల్లాజీ.

"నానెయ్యలేదు మావా. తీసేస్తన్నాను. తీసేస్తంటే పెరిగిపోతన్నాయి," అంది నూకాలు.

పువ్వుల పరిస్థితి ఇంకా అయోమయం. "ఇక్కడికి ముందొచ్చింది నేనే," అంది ఒకటి. "నేనే కదా," అంది ఇంకొకటి. "మరి నేనెవర్ని?" అని మూడోది ఏడ్చింది. చాకు చూసి భయపడిన సంగతి అన్నింటికీ గుర్తుంది. తల్లిని వేడుకున్న సంగతీ గుర్తుంది. అసలు పువ్వు ఎవరో మాత్రం ఒక్కదానికీ తెలీదు.

ఆ పూట కూరకని ఎల్లాజీ తెచ్చిన బుట్టలోంచి ఎర్రచారల రొయ్య ఒకటి తల బయటపెట్టింది. "నూకాలమ్మా, నన్ను తొట్టిలో వదులు. నేను వాటిని ముక్క మిగలకుండా తింటాను," అంది.

నూకాలు దాన్ని నమ్మాలో వద్దో తేల్చుకోలేకపోయింది. పగడం వైపు చూసింది. దానికి గులాబీరంగు గోరంతే మిగిలింది. రొయ్యను తీసి నీళ్లలో వదిలింది.

రొయ్య అన్నమాట ప్రకారమే చేసింది. తొట్టంతా తిరిగి ఒక్కొక్క పువ్వునూ తినేసింది. నాలుగో రోజుకు ఒకే ఒక్క పువ్వు మిగిలింది.

"నూకాలమ్మా, ఒక్క మాట చెప్పు," అంది ఆ పువ్వు. "మొదట నీ తొట్టికి వచ్చింది నేనేనా? లేక దాన్ని రొయ్య తినేసిందా?"

చెబుదామంటే నూకాలుకూ తెలీదు. రొయ్యను చేత్తో పక్కకు నెట్టి, పువ్వు అతుక్కున్న రాయిని అలాగే పైకి తీసింది. సముద్రంలో నడుములోతు నీళ్లలోకి నడిచి మెల్లగా కిందికి వదిలింది.

"తల్లీ, నేనడిగింది ఒక్కటిగా బతకనిమ్మని. నువ్వు చేసిందేమిటి?" అని పువ్వు సముద్రాన్ని నిలదీసింది.

"అల హోరులో నాకు వేరేగా వినపడింది బిడ్డా," అంది సముద్రం. "ఇచ్చిన మాట వెనక్కి తీసుకోలేను. కావాలంటే ఇంకొకటి అడుగు. ఈసారి శ్రద్ధగా వింటాను."

పువ్వు ఆలోచించింది. "ఎవరైనా ముట్టుకుంటే దాక్కునే చోటివ్వు," అంది.

అప్పటినుంచే కడలిపువ్వు వేలు తగిలితే చాలు, ముడుచుకుని రాతి బొరియలోకి జారిపోతుంది. ఇళ్లలో చేపల గాజుతొట్లు పెట్టుకునేవాళ్లు దాన్ని ఈ రోజుకీ చాకుతో కోస్తారు, మర్నాడు పొద్దున్నే వచ్చి, నిన్న ఒక్కటే కదా ఉందని ఎంతోసేపు అలా చూస్తూ నిలబడిపోతారు.