ముందు నడిచే కుక్క

రోహణుడికి తన కుక్కతో పెద్ద చిక్కు వచ్చిపడింది. అది అతని వెనక నడవదు. ఎప్పుడూ ముందే.

సముద్రం ఒడ్డున కొండ మీద ఒక చిన్న బౌద్ధ విహారం ఉండేది. కొద్దిమంది భిక్షువులు, వాళ్లందరికీ పెద్ద పాలిత థేరుడు. పొద్దున్నే పాత్రలు పట్టుకుని దిగువ ఊరికి వెళ్లాలి, ఊరివాళ్లు పెట్టింది తెచ్చుకోవాలి, మధ్యాహ్నం దాటకముందే తినాలి. దాటితే ఆ రోజుకి మంచినీళ్లే. అది వాళ్ల నియమం. రోహణుడు ఆ భిక్షువుల్లో అందరికన్నా చిన్నవాడు.

ఆ కుక్కను ఎవరో వర్తకులు ఒడ్డున వదిలేసి పడవెక్కి వెళ్లిపోయారు. ఇసుకలో ముడుచుకుని పడున్న దాన్ని రోహణుడు ఎత్తుకుని కొండ మీదికి తెచ్చాడు. ఎండుటాకు చిటుక్కుమన్నా ఉలిక్కిపడేది కనక దానికి చిటుకు అనే పేరు స్థిరపడింది.

మొదట్లో అతని కాళ్ల మధ్య దూరి వణికేది. తిండి పడి ఒళ్లు చేశాక దాని తీరు మారింది. రోహణుడితో ఎవరైనా మాట్లాడుతుంటే తోసుకొచ్చి మధ్యలో నిలబడేది. అతను కూర్చుంటే చేతి కింద మూతి పెట్టి ఎత్తి, నిమిరేదాకా వదిలేది కాదు. తలుపు తీస్తే అందరికన్నా ముందు అదే బయటికి దూకేది. గాలికి కిటికీ కొట్టుకున్నా సరే, విహారమంతా దద్దరిల్లేలా మొరిగేది.

నాకు కాపలా కాస్తోందని రోహణుడు తోటివాళ్లతో మురిసిపోతూ చెప్పేవాడు.

ఊళ్లో జనం మీదికి ఉరకడం మొదలుపెట్టాక దాని మెడకి తాడు కట్టాడు. అప్పట్నుంచి భిక్షకు వెళ్లేటప్పుడు అది ముందు, బిగదీసుకున్న తాడు, దాని వెనక అతను. పిల్లలు అరుగులెక్కేవాళ్లు. కొన్ని గడపల్లో అన్నం పెట్టే చెయ్యి తలుపు సందులోంచి వచ్చి గబుక్కున లోపలికి పోయేది.

రోహణుడి అక్క సామ ఆ ఊళ్లోనే ఉండేది. అమ్మానాన్నా పోయాక ఉప్పు మడుల్లో కూలి చేసి తమ్ముణ్ణి పెంచింది. ఆ తమ్ముడు ఒక్క మాటైనా చెప్పకుండా కొండెక్కి తల గొరిగించుకున్నాడని తెలిసిన రోజున వీధిలో నిలబడి, వాడు నా గుమ్మం ముందు కనపడితే ఊరుకోనని అందరూ వినేలా చెప్పింది. ఆ తర్వాత అతను భిక్షకు వచ్చే వేళకి ఆమె తలుపు మూసే ఉండేది. ఆ ఇల్లు దగ్గరపడితే చాలు, రోహణుడు తల దించుకుని వడివడిగా దాటిపోయేవాడు.

ఒకరోజు ఆ తలుపు తెరుచుకుంది.

సామ గిన్నెలో అన్నం పట్టుకుని గుమ్మం దిగింది. తమ్ముడి మొహంలోకి చూసింది. ఏదో అనబోయింది.

చిటుకు ఎగిరి ఆమె మీద పడింది.

రోహణుడు తాడు లాగేలోపే అంతా అయిపోయింది. గిన్నె దొర్లింది. అన్నం మట్టిపాలైంది. ఆమె మణికట్టు చీలి, నెత్తురు మోచేతి దాకా కారింది. సామ అరవలేదు. కుక్కని చూడలేదు. తమ్ముణ్ణి చూసింది. తర్వాత గాయాన్ని కొంగుతో అదిమిపట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

కొండ ఎలా ఎక్కాడో రోహణుడికి గుర్తు లేదు. పైకి వచ్చేసరికి పాత్ర కూడా చేతిలో లేదు.

ఆ సాయంత్రం ఊరిపెద్ద వచ్చాడు. థేరుడికి నమస్కరించి, నెమ్మదిగానే మాట్లాడాడు. ఇవాళ చెయ్యి, రేపు ఏ పసివాడి గొంతో అన్నాడు. కుక్కని ఏటి అవతల వదిలేస్తారా సరే, లేదంటే తామే దాని సంగతి చూసుకుంటామన్నాడు. వచ్చే పున్నమిలోగా ఈ రెండిట్లో ఏదీ జరగకపోతే విహారానికి ఇక ఏ గుమ్మమూ తెరుచుకోదని చెప్పి వెళ్లాడు.

ఆయన వెళ్లాక రోహణుడు గురువు ముందు కూలబడ్డాడు.

"భంతే, దానికి చెప్పని మాట లేదు. బుజ్జగించాను, కసిరాను, బతిమాలాను. దాని పుట్టుకే అంత. పొద్దున్నే ఏరు దాటించి వస్తాను."

పాలిత థేరుడు చిటుకు వైపు చూశాడు. అది అప్పుడు కూడా ఇద్దరి మధ్యకీ వచ్చి నిలబడి ఉంది.

"తాడు ఇటివ్వు," అన్నాడు.

తెల్లారి తన పాత్ర భుజాన తగిలించుకుని, తాడు ఒక చేత్తో వదులుగా పట్టుకుని ఆయనే బయల్దేరాడు. రోహణుణ్ణి వెనక రమ్మన్నాడు. ద్వారం తీయగానే చిటుకు ముందుకి దూకింది. తాడు బిగిసింది. థేరుడు వెనక్కి తిరిగి లోపలికి వచ్చేశాడు. కుక్క తెల్లబోయి ఆయన వెంట వచ్చింది.

మళ్లీ బయల్దేరారు. అది మళ్లీ ముందుకి ఉరికింది. ఆయన మళ్లీ వెనక్కి తిరిగాడు. ఆ ముసలాయన ఆయాసపడుతూ పది మెట్లు దిగడం, అవే మెట్లు ఎక్కడం, మళ్లీ దిగడం. కోపం లేదు, కేక లేదు, మాటే లేదు. ఊరు కిందే ఉంది. వంటిళ్ల పొగలు కనబడుతున్నాయి. సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి వాళ్లు సగం కొండ కూడా దిగలేదు.

థేరుడు ఖాళీ పాత్ర తెచ్చి కడిగి బోర్లించాడు.

రోహణుడు నిర్ఘాంతపోయాడు. మిగతా భిక్షువులు తమ పాత్రల్లోంచి తీసిపెట్టబోతే ఆయన వద్దన్నాడు. తాను ఇవాళ ఊరికి చేరలేదని, చేరనివాడికి భిక్ష ఎక్కడిదని అన్నాడు. మర్నాడూ అంతే జరిగింది. డెబ్బై దాటిన మనిషి ఒక కుక్క కోసం పస్తుండటం రోహణుడు చూడలేకపోయాడు. కాళ్లు పట్టుకుని ఇక చాలించమన్నాడు. ఆయన అతని తల నిమిరి ఊరుకున్నాడు.

విహారంలోనూ ఆయన తీరు అదే. చిటుకు మధ్యకి తోసుకొస్తే లేచి దాని ముందుకి ఒక అడుగు వేసేవాడు. అది వెనక్కి తగ్గాల్సి వచ్చేది. కిటికీ చప్పుడుకి అది మొరిగితే కసిరేవాడు కాదు. తానే లేచి వెళ్లి, బయటికి తొంగి చూసి, కిటికీ వేసి వచ్చి కూర్చునేవాడు. ప్రతిసారీ. కొన్నాళ్లకి చప్పుడైనప్పుడు చిటుకు మొరగడం మాని ఆయన మొహం వైపు చూడటం మొదలుపెట్టింది. ఆయన లేవకపోతే అదీ లేచేది కాదు. విహారానికి వచ్చాక మొట్టమొదటిసారి అది పట్టపగలు వెల్లకిలా పడి ఆదమరిచి నిద్రపోవడం రోహణుడు చూశాడు.

కొండ దిగడం అయింది. పొలిమేర దాటడం అయింది. చివరికి ఒక పొద్దున వాళ్లు ఊరి వీధిలో నడిచారు.

జనం తలుపులు వేసుకున్నారు. ఎవరో పిల్లవాణ్ణి రెక్క పట్టి లోపలికి లాక్కున్నారు. థేరుడు తన మామూలు నడకే నడిచాడు. చిటుకు ఆయన మడమ పక్కనే, తల దించుకుని, తాడు నేలకి తగులుతుండగా నడిచింది. సామ ఇల్లు వచ్చింది. కుక్క ఆ గుమ్మం వైపు తల కూడా తిప్పలేదు.

వీధి చివర రోహణుడు ఆనందం ఆపుకోలేక గురువు పాదాలకి మొక్కాడు.

"దాన్ని మార్చేశారు, భంతే."

థేరుడు తాడు అతనికి అందించాడు. "ఇప్పుడు నువ్వు పట్టుకో. వచ్చిన దారినే వెళదాం."

రోహణుడు హుషారుగా తాడు అందుకున్నాడు. మొదటి ఇల్లు దాటారు. రెండోదీ దాటారు. చిటుకు నెమ్మదిగానే నడుస్తోంది. సామ ఇల్లు కనబడింది.

కుక్క చెవులు నిక్కాయి. వీపు మీద వెంట్రుకలు లేచాయి. ఒక్క అంగలో ముందుకి వచ్చి, మూసిన తలుపు వైపు పళ్లు బయటపెట్టి గుర్రుమంది.

ఇందాక ఇదే గుమ్మం, ఇదే కుక్క. దీని బుద్ధి మారదు భంతే, అని రోహణుడు చెప్పబోయాడు.

థేరుడు కుక్కని చూడనేలేదు. వచ్చి రోహణుడి పిడికిలి మీద చెయ్యి వేశాడు. అప్పుడు రోహణుడు తన చెయ్యి చూసుకున్నాడు. తాడు మూడు చుట్లు చుట్టి ఉంది. వేళ్లు పాలిపోయి ఉన్నాయి. ఎప్పుడు చుట్టాడో అతనికి తెలియదు. గోళ్లు అరచేతిలోకి దిగిపోయి ఉన్నాయి. మోచేయి దాకా నరాలు తాళ్లలా బిగుసుకుపోయాయి.

"ఈ ఇల్లు ఎవరిదో కుక్కకి తెలియదు, రోహణా," అన్నాడు థేరుడు.

మట్టిలో పడిన అన్నం, మోచేతి దాకా కారిన నెత్తురు, అరవకుండా తన వైపే చూసిన అక్క కళ్లు, అన్నీ ఒక్కసారిగా రోహణుడి మీద పడ్డట్టయింది. తర్వాత వేళ్లు ఒక్కొక్కటే విప్పాడు. తాడు చుట్లు జారి కింద పడ్డాయి. చివర మాత్రం పట్టుకున్నాడు.

ఒక అడుగు వేసి కుక్కని దాటాడు. ఇంకో అడుగు వేశాడు. గుమ్మం ముందు నిలబడ్డాడు.

"అక్కా," అని పిలిచాడు.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. సామ మణికట్టుకి గుడ్డకట్టు ఉంది. ఆమె తమ్ముణ్ణి కాదు, అతని వెనకున్న కుక్కని చూసింది. గుమ్మం లోపలే ఆగిపోయింది.

"మళ్లీ మీద పడుతుందా?" అని అడిగింది.

పడదు అని చెప్పడానికి రోహణుడు నోరు తెరిచాడు. గురువు కోసం పక్కకి చూశాడు. పాలిత థేరుడు అక్కడ లేడు. పాత్ర పట్టుకుని అప్పటికే నాలుగు గడపలు దాటి వెళ్లిపోయాడు.

"తెలీదక్కా," అన్నాడు రోహణుడు. "నేను ముందు నిలబడతాను."

వెనక చిటుకు ఒకసారి ఆవులించి, వీధి దుమ్ములో పడుకుంది.