పడవ కళ్ళు

2019 జూలై 14, ఆదివారం. కాకినాడలో పొద్దున్నుంచీ ముసురు. గొడుగు వేస్తే దండగ అనిపించే, వెయ్యకపోతే తల తడిపేసే వాన. అలాంటి వానలో ఎవరూ ఎవరింటికీ వెళ్ళరు, మనసులో ఏదో గుచ్చుకుంటూ ఉంటే తప్ప. పరంజ్యోతి తన మాస్టారింటికి వెళ్ళింది.

భుజంగరావు మాస్టారు పాలిటెక్నిక్‌లో రిటైరైనా, ఇంటికొచ్చిన వాళ్ళకు ప్రోగ్రాములు రాయడం నేర్పుతూనే ఉన్నారు. చూపు లేనివాళ్ళకు తెలుగు పుస్తకాలు పైకి చదివి వినిపించే ‘చదువరి’ని పదేళ్ళ కిందట మిత్రులతో కలిసి తయారుచేసింది ఆయనే. దాని కోడ్ అందరికీ ఉచితం. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, మార్చినదాన్ని పదిమందికీ పంచవచ్చు. పరంజ్యోతి రెండేళ్ళు కూర్చుని మార్చింది. గొంతు మెత్తనైంది, చదవడం వేగమైంది, నొక్కాల్సిన మీటలు కూడా మారాయి. అంధబాలికల హాస్టలు వార్డెను మాత్రం ‘చదువరి’ అయితేనే పెట్టిస్తానంది. పిల్లలకు స్కూలు నుంచీ అలవాటైన పేరు అదేనట. సరిగ్గా అప్పుడే మాస్టారి మిత్రులు కబురు చేశారు: నీ మార్పులతో నిక్షేపంగా పంచుకో, మా పేరుతోనూ మా గుర్తుతోనూ మాత్రం వద్దు.

“ఇల్లంతా ఇచ్చేసి, పేరుపలక మాత్రం ముట్టుకోవద్దంటే అదేం ఉచితం మాస్టారూ?” అంది, తుడుచుకోమని ఇచ్చిన తువ్వాలు చేతిలోనే పెట్టుకుని. “పేరు మారిస్తే వార్డెను తీసుకోదు. నా రెండేళ్ళూ ఏట్లో కలిసినట్టే.”

మాస్టారు వాదించే మనిషి కాదు. ప్రశ్న అడిగితే టీ పెట్టమని లోపలికి కేకేసి, ఎక్కడెక్కడో తిరిగొస్తారు. ఆ రోజు గోదావరి వరదలు, పులస ధర, తమ పెద్దమ్మ వంట అన్నీ చుట్టి, ఆవిడ ఊరి లంకలో పడవలు కట్టే ఓలేటి సత్తెయ్య మేస్త్రీ దగ్గర ఆగారు.

సత్తెయ్య పడవ కొలతలకు కోసి పెట్టుకున్న అచ్చుచెక్కలు పాకగోడకు చేరవేసి ఉండేవట. ఎవరైనా వచ్చి కొలతలు తీసుకోవచ్చు, అడిగితే దగ్గరుండి చెప్తాడు కూడా. పడవ ముందు భాగాన దిద్దే రెండు కళ్ళు మాత్రం ఆయనే దిద్దాలి. అదీ వరద నీళ్ళలో తన ఇంటివాళ్ళను ఎక్కించుకుని అవతలి రేవుకు పోయొచ్చాకే. అందుకని ఆ కళ్ళున్న పడవను జనం మరేమీ చూడకుండా ఎక్కేవారు.

మేనల్లుడు పోలయ్య అవే కొలతలు తీసుకుని, గొడ్లు కూడా పట్టేలా అడుగుభాగం వెడల్పు చేసి కొత్త పడవ కట్టాడు. జనం ఎక్కాలని మావయ్య కళ్ళే దిద్దేశాడు. రేవులో పడవ నడిపే సరంగు ఆ కళ్ళు చూసి, ఎప్పటిలాగే బరువంతా ముందు వేయించాడు. ఈ పడవకు బరువు వెనక ఉండాలి. నడి ఏట్లో మూతి ముంచింది. మనుషులు ఈది ఒడ్డెక్కారు, ఒక పాడిగేదె ఎక్కలేదు.

ఇక్కడ పరంజ్యోతికి తను మార్చిన మీటలు గుర్తొచ్చాయి. అలవాటుకొద్దీ పరీక్షలో పాత మీటే నొక్కే పిల్ల కళ్ళముందు మెదిలింది. టీ చల్లారుతోంది.

గేదె తాలూకు వాళ్ళు తిన్నగా సత్తెయ్య మీదికి వచ్చారు. ఆ పడవ నాది కాదని ఆయన అనలేదట. మాటలు పడి, తన గేదెను విప్పి ఇచ్చి, పోలయ్య పాకకు నడిచాడు. తిట్లకు సిద్ధపడి పోలయ్య తల వంచుకు నిలబడ్డాడు. సత్తెయ్య పడవ చుట్టూ తిరిగి, అడుగు తడిమి చూశాడు.

“నాకంటే బాగా కట్టావురా. కళ్ళు చెరిపెయ్యి.”

“కళ్ళు లేకపోతే ఎవడెక్కుతాడు మావా?”

“నువ్వెక్కు. నీ పెళ్ళాం పిల్లల్ని ఎక్కించు. చూసేవాళ్ళు చూస్తారు.”

ఆ వానాకాలమంతా పోలయ్య తన వాళ్ళనే తిప్పాడు. పోలయ్య సంసారం రోజూ షికారు పోతోందని రేవులో నవ్వుకున్నారు. తరవాత ఒక మేకలవాడు ఎక్కాడు, వాడి వెనక మరొకడు. కార్తీకం నాటికి పోలయ్య తన పడవకు ఎర్రమందారం దిద్దుకున్నాడు. మందారం పడవలో బరువు వెనక వెయ్యాలని సరంగులందరికీ తెలిసిపోయింది.

సత్తెయ్య పోయాక పంపకాలయ్యాయి. అచ్చుచెక్కలు ఉన్నచోటే ఉండిపోయాయి, ఊరందరివీ. ఆయన చెక్కలు చెక్కే బాడిస పోలయ్యకు వచ్చింది. పాక, కళ్ళు దిద్దే హక్కు కూతురు నరసమ్మకు వచ్చాయి. ఆవిడకు మేకు కొట్టడం రాదు గాని, ప్రతి పడవ పరీక్షలోనూ తండ్రి పక్కన కూర్చున్నది ఆవిడే. కొడుకు వీరన్నకు నీళ్ళంటే భయం, ఒక్కసారీ ఎక్కలేదు. అతనికి ఏమీ రాలేదు.

పరంజ్యోతి చల్లారిన టీ తాగేసింది. తరవాత అడిగింది: “మరి మందారం ఎవరికిచ్చాడు మాస్టారూ?”

“ఇవ్వడానికి అది ఆయనది కాదుగా తల్లీ,” అన్నారు మాస్టారు.