చౌడప్ప పెట్టిన బొట్టు

మా స్వామివారిని ప్రశ్న అడిగితే జవాబు దొరకదు, కథ దొరుకుతుంది. తొందరపడేవాళ్లకు అదీ దొరకదు.

కార్ల ఫ్యాక్టరీలో ఇంజినీరైన వరదరాజు ఒక ఆదివారం ఆశ్రమానికి వచ్చి ముఖం వేలాడేసుకుని కూర్చున్నాడు. "స్వామీ, కారు బాడీ అతికే పని దాదాపు అంతా రోబోలకే అప్పజెప్పాం. సీట్లూ వైర్లూ బిగించేచోట ఇంకా మనుషులే ఉన్నారు. రేపు అదీ పోవచ్చు. పనులన్నీ యంత్రమే నేర్చేసుకుంటే మనిషికేం మిగులుతుంది?"

స్వామివారు కళ్లజోడు తుడుచుకుని, నిరుడు అలాంటి ఫ్యాక్టరీ ఒకటి తనను ఆయుధపూజకు పిలిచిన సంగతి ఎత్తుకున్నారు.

అక్కడి వెల్డింగ్ షెడ్డులో అందరికన్నా పెద్దవాడు చౌడప్ప. ఏళ్ల తరబడి నిప్పురవ్వలు పడి అతని ముంజేయంతా మచ్చలే. అతని పనిలోకి రోబో వచ్చింది. దాన్ని నడపడం నేర్చుకుంటావా, రాజీనామా ఇస్తావా అని పైవాళ్లు అడిగితే, పండగ కాగానే వెళ్లిపోతానన్నాడు. వెళ్లి ఏం చేస్తాడో అతనికీ తెలియదు. పంతం అలాంటిది.

మొదటి బొట్టు పెద్దవాడే పెట్టడం ఆ షెడ్డులో ఆనవాయితీ. చౌడప్ప మూలన వేలాడుతున్న తన పాత వెల్డింగ్ గన్నుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, కళ్లకద్దుకున్నాడు. రోబో దగ్గరికి రమ్మంటే మాత్రం కదల్లేదు.

"నా కూడు పెరుక్కున్నదానికి నేను బొట్టు పెట్టాల్నా సామీ?" అని స్వామివారినే నిలదీశాడు.

"నీ ఇష్టం నాయనా. ఇది పనిచేస్తుంటే నేనెప్పుడూ చూడలేదు, ఒక్కసారి చూడనీ" అన్నారాయన.

రోబో చుట్టూ ఉన్న కంచె మూసి దాన్ని నడిపారు. ఇనుప చెయ్యి వంగి కారు తలుపు అంచును పట్టుకుంది, రవ్వలు ఎగజిమ్మాయి. అందరూ కారును చూస్తుంటే చౌడప్ప ఆ చేతినే చూస్తున్నాడు. అది ఆగాక కుంకుమ భరిణె తీసుకుని లోపలికి నడిచాడు. ఎదురుగా, అందరికీ కనబడేచోట పెడతాడనుకున్నారు. అతను వంగి, ఆ చేతి కింద రవ్వలు పడి నల్లబడినచోట వేలితో మసి తుడిచి, అక్కడ పెట్టాడు.

"ఆడ పెడ్తాండావేందన్నా?" అని నవ్వాడు పక్కవాడు.

"దీనికి ఈడ కాల్తాది రా."

"ఇనుముకు కాలడమేందన్నా!"

"నా చెయ్యిని గూడా ఇన్నాళ్లు అట్లనే అనుకున్నారు లేరా" అన్నాడు చౌడప్ప. ముంజేతి మీది మచ్చలు తడుముకున్నాడు.

పండగ సెలవు కాగానే చౌడప్ప రాజీనామా ఇవ్వలేదు సరికదా, రోబో పని నేర్పే క్లాసులో ముందు బెంచీ చూసుకుని కూర్చున్నాడు.

వరదరాజు, "అంటే, మనిషికి పని మిగులుతుందంటారా?" అన్నాడు. ఇంజినీరు కదా, ఏదో ఒకటి తేలందే లేవడు.

స్వామివారు నవ్వారు. "పనంతా అది నేర్చేసుకుంది నాయనా. ఎక్కడ కాలుతుందో మాత్రం చౌడప్పే చెప్పాల్సి వచ్చింది."