ఎర్రకోక చాటు కెమేరా

ఒకానొక రాజ్యంలో రాజుగారూ ఉండేవారు, కెమేరాలూ ఉండేవి. ఆ రెండూ ఒకే కాలంలో ఎలా ఉన్నాయని అడక్కండి. ఉన్నాయి, అంతే. గుర్రాలుండేవి, సింహాసనం ఉండేది, మీట నొక్కగానే వెనకాల చిన్న అద్దంలో బొమ్మ కనపడే డిజిటల్ కెమేరాలూ ఉండేవి.

రాజుగారి పేరు ప్రచండభూపతి. మనిషి మంచోడే. ఒళ్ళంతా దర్పం తప్ప ఇంకో జబ్బు లేదు. తన మీసం మొలిచాకే ఊళ్ళో పైరు మొలిచిందనుకునే రకం.

ఆయన దగ్గర గవరయ్య అని ఒక ముసలాయన ఉండేవాడు. తమలపాకులకి ఈనెలు తీసి, సున్నం రాసి, చిలకలు చుట్టి రాజుగారి చేతికందించడం ఆయన పని. అక్షరం ముక్క రాదు. నోరు మాత్రం సున్నం కన్నా ఘాటు. పండితులు పొద్దుటినించీ సాగదీసిన సంగతిని గవరయ్య ఒక ఆకు చుట్టేలోగా తేల్చేసేవాడు. రాజుగారికి ముందు కోపం వచ్చేది, ఆ వెనకే నవ్వొచ్చేది.

అలాంటోడు మాట్లాడ్డం మానేశాడు. పోయిన వానల్లో ఆయన పెళ్ళాం అచ్చియ్యమ్మ పోయింది. మూడు రోజుల జ్వరం, అంతే. అప్పణ్ణించీ ఆకు చుడతాడు, ఇస్తాడు, ఇంటికెళ్తాడు. ఇంట్లో గోడకానుకుని కూచుంటాడు. ఎంత తలుచుకున్నా ఆమె మొహంలో ఒక్కోసారి ముక్కు గుర్తొస్తే నవ్వు గుర్తు రాదు, నవ్వు గుర్తొస్తే కళ్ళు గుర్తు రావు. చూసుకుందామంటే బొమ్మ లేదు.

ఎందుకు లేదో చెప్తాను.

ఆ రాజ్యంలో ఒక కట్టడి ఉంది. కొత్తగా ఏదొచ్చినా ముందు రాజుగారు ముట్టాలి, తరవాతే జనం. తొలి మామిడికాయ ఆయన కొరకాలి. కొత్తరకం గొడుగొస్తే ఆయన వేసుకుని నాలుగడుగులు నడవాలి. కెమేరాకీ అంతే. తొలిబొమ్మ రాజుగారిది పడాలి. అది పడేదాకా ఊళ్ళో ఎవరూ బొమ్మ దిగకూడదు. దిగితే కొలువూ పోద్ది, ఊరూ పోద్ది.

మూడేళ్ళ కిందట వరహాలయ్య, ధర్మాజీ అని ఇద్దరు తోడల్లుళ్ళు కలిసి మొట్టమొదటి కెమేరా తయారుచేసి సభకి తెచ్చారు. రాజుగారు కిరీటం సర్దుకుని కూచున్నారు. నొక్కబోతుండగా వెనకనించి ఎవడో గొణిగాడు, "వచ్చే నెల ఇంతకన్నా గొప్పది వస్తదంట" అని.

రాజుగారు లేచిపోయారు. "నా తొలిబొమ్మ రెండోరకం దాంట్లో పడాలా? పారెయ్యండి దీన్ని!"

పారెయ్యమని గవరయ్య చేతికే ఇచ్చారు. పారెయ్యడానికి మనసొప్పక గవరయ్య ఇంటికి తెచ్చుకున్నాడు. అచ్చియ్యమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, పెట్టె తీసి ఎర్రకోక కట్టుకుని, తల దువ్వుకుని, పీట మీద కూచుంది కూడాను. మళ్ళీ ఆమే లేచింది.

"వద్దులే మావా. రాజుగారు దిగకుండా మనం దిగితే నీ కొలువు పోద్ది. ఆయన దిగాక దిగుదాం. ఇది మనింట్లో ఉందని ఎవరికీ చెప్పకు."

అటక మీద పెట్టేశారు. పైన కెమేరా, కింద మనుషులు. అలా మూడేళ్ళు గడిచిపోయాయి.

ఈ మూడేళ్ళూ తోడల్లుళ్ళు ఏం చేశారు? వచ్చే నెల ఇంకో గొప్పదంటే అది నేనే చెయ్యాలని ఇద్దరూ విడిపోయారు. వరహాలయ్య తూర్పువీధిలో కంపెనీ పెట్టాడు, ధర్మాజీ పడమటివీధిలో పెట్టాడు. కెమేరాలు చేసింది తక్కువ, పుకార్లు చేసింది ఎక్కువ. తూర్పు కంపెనీ మనిషి మంగలికొట్లో గడ్డం గీయించుకుని, ఒక కాగితం మరిచిపోయినట్టు మరిచిపోయేవాడు. అందులో రాబోయే మోడలు బొమ్మ, సగమే. మిగతా సగం చీకటి. "చీకట్లో నల్లపిల్లిని కూడా తీస్తదంట!" అని ఊరంతా గుప్పుమనేది. మర్నాడు పడమటి కంపెనీ వంటమనిషి కూరలబజారులో గొంతు తగ్గించి, అందరికీ వినపడేలా చెప్పేది, "మా అయ్యగారు చేసేది కళ్ళు మూసుకున్నోణ్ణి కూడా తెరిచినట్టు తీస్తదమ్మా. ఎవరికీ చెప్పమాకండి."

చుక్కలెన్నుంటే బొమ్మ అంత తేట. తూర్పోడు కోటి చుక్కల బొమ్మంటే పడమటోడు రెండుకోట్ల చుక్కలనేవాడు. కెమేరా తయారై వచ్చేసరికి దాని తరవాత వచ్చేదాని పుకారు ముందే వచ్చేసేది. రాజుగారు చెయ్యెత్తేవారు, "ఆగుదాం. తరవాతిదాంట్లో దిగుదాం."

ఆయన ఆగితే ఊరంతా ఆగాలి గదా. పసిపిల్లలు బొమ్మ లేకుండానే నడకలు నేర్చేశారు. పెద్దోళ్ళు బొమ్మ లేకుండానే వెళ్ళిపోయారు.

రాజుగారికి తల్లి లేదు. కాన్పులోనే పోయింది. పుట్టగానే చేతుల్లోకి తీసుకుని పెంచింది దాది పైడమ్మ. తొంభై దగ్గర పడింది. కోటలో వెనకగదిలో మంచం మీద ఉంటుంది. రాజుగారిని పేరు పెట్టి కాదు, "ఒరే నాయనా" అని పిలిచే ప్రాణి ఆమొక్కతే.

ఒకనాడు రాజుగారు పలకరించడానికెళ్ళారు. వెనకాల ఆకులపెట్టెతో గవరయ్య.

"ఒరే నాయనా, నీ పక్కన కూచుని ఒక్క బొమ్మ దిగాలనుందిరా" అంది పైడమ్మ.

"దిగుదాం దాదమ్మా. రెండుకోట్ల చుక్కలది వస్తోంది. దాంట్లో దిగుదాం."

"అంతేనంటావా? సరేలే" అంది ముసలామె.

ఆ 'సరేలే' వినగానే గవరయ్య చేతిలో ఆకు కింద పడింది. అచ్చం అచ్చియ్యమ్మ 'వద్దులే' అన్నట్టే అంది.

గుమ్మం బయట వైద్యుడు ఎదురుపడి గవరయ్య చెవిలో చెప్పాడు, "ఈ వానలు దాటదు. రాజుగారికి చెప్పే ధైర్యం నాకు లేదు."

గవరయ్య ఇంటికెళ్ళి అటకెక్కాడు. కెమేరా దింపి దుమ్ము తుడిచాడు. అచ్చియ్యమ్మ ఎర్రకోక చెంగు చించి దానికి చుట్టాడు. "ఏమనుకోకే" అన్నాడు గోడవైపు చూసి. ఆ మూటతో తిన్నగా మంగలికొట్టుకి పోయి, దాన్ని ఒళ్ళో పెట్టుకుని గడ్డానికి కూచున్నాడు.

"ఏంటి బాబాయ్ ఆ మూట?" అన్నాడు మంగలి.

"ఏం లేదు."

"ఏం లేకపోతే అంత గట్టిగా పట్టుకున్నావే?"

"చెప్పొద్దన్నారయ్యా" అన్నాడు గవరయ్య.

అంతే. ఇంకొక్క ముక్క మాట్లాడలేదు. సగం గడ్డం గీసేసరికే సంగతి వీధి దాటింది. పొద్దు వాలేసరికి ఆ మూటలో ఉన్నది నాలుగు కళ్ళ కెమేరా. దీపాలు పెట్టేవేళకి అది మనిషి మనసులో మాటని కూడా బొమ్మ తీస్తుంది. మర్నాడు పొద్దున్నే భటులొచ్చి గవరయ్యని మూటతో సహా సభకి తీసుకుపోయారు.

"ఏరా గవరయ్యా, కొత్త మోడలు నీ దగ్గరుందట. ఏ కంపెనీది?" అన్నారు రాజుగారు.

"చేసినోళ్ళు ఇక్కడే ఉన్నారు గదా మహాప్రభూ. వాళ్ళనే అడగండి."

వరహాలయ్య మూటని చూశాడు, ధర్మాజీని చూశాడు. నాది కాదంటే వాడిదైపోద్దేమోనని భయం. "మాదే మహాప్రభూ! మా కార్ఖానాలోంచి ఎవడో కాజేశాడు" అన్నాడు.

"సిగ్గులేకపోతే సరి!" ధర్మాజీ లేచాడు. "అది మాది. ఆ మూల వంపు చూస్తే తెలియట్లా? గుడ్డలోంచే గుర్తుపట్టాను."

"నీకు మీ ఆవిడ చెల్లెలి మొగుడే గుర్తులేడు, మూల వంపు గుర్తుందా?" అన్నాడు వరహాలయ్య.

రాజుగారి కళ్ళు మెరిశాయి. ఇద్దరూ కొట్టుకుంటున్నారంటే వస్తువు గట్టిదే. "తీయరా నా తొలిబొమ్మ!"

"తీస్తాను గానీ మహాప్రభూ, నాదొక షరతు. తమర్ని లోకంలో అందరికన్నా ముందు చూసిన కళ్ళు తమ పక్కనుండాలి. లేకపోతే నేను నొక్కను."

రాజుగారు ఆలోచించారు. అలా చూసింది ఒక్కరే. పల్లకీలో పైడమ్మని తెచ్చి సింహాసనం పక్కన మెత్తటి కుర్చీలో కూచోబెట్టారు. గవరయ్య రాజుగారికి ఒక చిలక ఇచ్చాడు, మామూలుకి రెండింతలుంది. రాజుగారు గబగబా నమిలి మింగి, ఛాతీ పొంగించి, మీసం దువ్వి, ఊపిరి బిగబట్టి కూచున్నారు. గవరయ్య గుడ్డ తియ్యకుండా, కెమేరా కంటి దగ్గర మాత్రం కాస్త జరిపి, చూస్తా నిలబడ్డాడు.

"నొక్కవేంరా?" అన్నారు రాజుగారు, పెదాలు కదపకుండా.

"కాస్త ఆగండి మహాప్రభూ."

ఈలోగా పైడమ్మ తల తిప్పింది. చూపు ఆనకపోయినా ఎర్రమరక ఆనింది. "ఒరే నాయనా, మూతి చూడు" అంటూ చెంగు తడిచేసి, రాజుగారి గడ్డం పట్టుకుని తుడిచింది. రాజుగారు కిరీటం సంగతి మరిచిపోయి, కళ్ళు సగం మూసి, పసోడల్లే మొహం ఆమెకిచ్చేశారు.

గవరయ్య నొక్కాడు.

గవరయ్య వెనకవైపు గుడ్డ కూడా కాస్త జరిపి, చిన్న అద్దంలో బొమ్మ చూపించాడు. రాజుగారు మెల్లగా అన్నారు, "కెమేరా అంటే ఇదిరా. దాదమ్మ చేతి మీద ముడతలన్నీ లెక్కపెట్టుకోవచ్చు. ఆ మొహంలో చూడు, ఆ ముద్దు! పాతవాటితో ఇలా పడుతుందా? కోటి చుక్కలుంటాయి."

"రెండుకోట్లు మహాప్రభూ!" అన్నాడు ధర్మాజీ.

"మూడు! చేసినోణ్ణి, నాకు తెలీదా?" అన్నాడు వరహాలయ్య.

గవరయ్య ఎర్రగుడ్డ విప్పాడు.

సభలో అందరూ మెడలు చాచారు. మూల చొట్ట, తాడుకి ఆకులపెట్టె సున్నం మరక. మూడేళ్ళ కిందట రాజుగారు పారెయ్యమన్న కెమేరా అది.

"ఇద్దరూ నిజమే చెప్పారు మహాప్రభూ. విడిపోకముందు కలిసి చేశారు" అన్నాడు గవరయ్య.

తోడల్లుళ్ళిద్దరూ ఒకేసారి తలలు దించుకున్నారు. రాజుగారి మొహం తాంబూలం కన్నా ఎర్రబడింది. "నన్నే మోసం చేస్తావురా! కొత్త మోడలని చెప్పి..."

"నేనా? నేనెక్కడన్నాను? చెప్పొద్దన్నారని మాత్రం అన్నాను. అది నిజం. మా ఆవిడ చెప్పొద్దంది."

రాజుగారు కత్తి మీద చెయ్యి వేశారో లేదో, పక్కన పైడమ్మ ఫక్కున నవ్వింది. "ఒరే నాయనా, ఇదేనా అప్పుడొద్దన్నది? అప్పుడే దిగుంటే నాకు రెండు పళ్ళన్నా ఉండేవి గదరా!"

రాజుగారు ఆమె బోసినోరు చూశారు. కత్తి మీది చెయ్యి జారిపోయింది. నవ్వు పొట్టలోంచి మొదలై కిరీటం దాకా వచ్చింది. సభంతా నవ్వింది. రాజుగారి నవ్వు ఆగేసరికి కళ్ళల్లో నీళ్ళున్నాయి. అవి నవ్వుకొచ్చినవని అందరూ అనుకున్నారు.

"గవరయ్యా, మీ ఆవిడ ఎందుకు చెప్పొద్దంది?"

"తమరు దిగాక దిగుదామంది మహాప్రభూ. ఈ ఎర్రకోకే కట్టుకుని పీట మీద కూచుని, మళ్ళీ లేచిపోయింది. కెమేరా తరవాత కెమేరా వస్తానే ఉంటది. మా ఇంట్లో మాత్రం ఒక్క మోడలే ఉండేది. దాని తరవాతది రాలేదు."

రాజుగారు సింహాసనం దిగారు. గవరయ్య చేతిలోని ఆకులపెట్టె తీసుకుని, తన చేత్తో ఒక చిలక చుట్టి ఆయనకిచ్చారు. వంకరగా చుట్టారు, సున్నం ఎక్కువైంది. గవరయ్య నములుతా ఉంటే కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. అవి సున్నానికేనని అందరూ అనుకున్నారు.

అదే పూట దండోరా వేయించారు. తొలిబొమ్మ పడింది, ఇక ఎవరైనా దిగొచ్చని. తోడల్లుళ్ళకి శిక్ష వేశారు. పుకార్లు కట్టిపెట్టి ఇద్దరూ ఒకే బండి మీద ఊరూరా తిరిగి బొమ్మలు తీయాలి, ముందు ముసలోళ్ళవి.

గవరయ్యకి మెళ్ళో ముత్యాలహారం వేయబోతే, "ఇది నాకెందుకు మహాప్రభూ, ఆ కెమేరా ఇప్పించండి చాలు" అన్నాడు. రెండూ ఇచ్చి పంపారు.

మర్నాడు గవరయ్య సభకొచ్చాడు. ఆకు చుడుతుంటే రాజుగారు అడిగారు, "ఏరా, నీ ఇంట్లో తొలిబొమ్మ ఏం తీశావు?"

గవరయ్య చూపించాడు. అందులో మనుషులెవరూ లేరు. మట్టిగోడ, పీట మీద కూచుంటే తల ఆనేచోట గోడ మీద తలంత నూనెమరక. ముప్ఫై ఏళ్ళు సాయంత్రాలు ఆకుల ఈనెలు తీస్తూ అక్కడే తలానించుకుని కూచునేది ఆమె.

"ఏంట్రా ఇది?"

"మా అచ్చియ్యమ్మ మహాప్రభూ."

రాజుగారు బొమ్మని కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూశారు.

"బాగా పడిందయ్యా" అన్నారు.

ఎన్ని చుక్కలని మాత్రం అడగలేదు.