కొస గది

ఏటి వరద ఊరిని ఊడ్చుకుపోయాక, మిగిలిన నలభై కుటుంబాలకూ కలిపి ఒకే వసారా ఉన్న పొడవాటి ఇల్లు కట్టించమన్నాడు రాజు. దివాను దానికి ఏటి ఒడ్డు పల్లంలో ముగ్గు పోయించాడు. మెరక దిబ్బ మీద తన తోట వేసుకోవాలని ఆయన ఆశ.

గుర్రమ్మ ఆ ముగ్గు దగ్గరే ఆగిపోయింది. గోడలు పెట్టే పని ఆమెది. ఆమె కూతుర్ని నీళ్ళు లాక్కుపోయింది సరిగ్గా అక్కడే. అక్కడ కట్టొద్దన్నవాడికి మొన్ననే దివాను కొరడా దెబ్బలు కొట్టించాడు.

రాజు చూడటానికి వచ్చాడు.

"ఇక్కడికి నీళ్ళు రావు ప్రభూ, పూచీ నాది," అన్నాడు దివాను.

గుర్రమ్మ చేతులు కట్టుకుని ముందుకొచ్చింది. "దివానుగారు అంత గట్టిగా చెబుతున్నారు గదా మారాజా, కొస గదిలో తమరి విత్తనాల ధాన్యం పోయించండి. మేం కాపలా కాస్తాం."

రాజు సరేనని తలూపాడు. దివాను ముఖం పాలిపోయింది. "వద్దు ప్రభూ! ఏరు పొంగి ధాన్యం తడిస్తే నా తల తీయించరూ?"

అనేశాక నాలుక కరుచుకున్నాడు. రాజు ఏటివైపు చూసి, దిబ్బవైపు తిరిగాడు.

"ఇల్లు దిబ్బ మీద కట్టండి. అది పూర్తయ్యేదాకా దివాను ఈ పల్లంలోనే గుడిసె వేసుకుని ఉంటాడు."

ఆ తర్వాత మబ్బు పట్టినప్పుడల్లా దివాను దిబ్బెక్కి వచ్చి, "గోడలు ఎంతదాకా లేచాయి తల్లీ?" అని గుర్రమ్మను అడిగేవాడు.