దేచన మఠంలో చేరబోయిన వైనం

కొండలకు ఇవతల ఒకానొక రాజ్యాన్ని ఉద్దండవర్మ అనే రాజు ఏలుతుండేవాడు. ముఖం చూడగానే మనిషి చెప్పేది నిజమో అబద్ధమో పట్టేయగలనని ఆయనకు గొప్ప నమ్మకం. దాన్ని కాదనే ధైర్యం కొలువులో విదూషకుడు దేచనకు తప్ప మరెవరికీ లేదు.

ఆ రోజుల్లో కాకిగుట్ట మీద ఒక కొత్త మఠం వెలిసింది. అక్కడివారు పొద్దుగూకాక దీపం పెట్టరు. చీకటిలోనే కూర్చుని ప్రార్థిస్తారు. ఆ చీకటిలో ఏం జరుగుతుందో తెలియని ఊరు తనకు తోచిన కథలల్లింది. మఠాన్ని వెళ్ళగొట్టమని రాజుకు మొరలు అందాయి.

దేచనకు ఇది నవ్వులాట కాదు. భర్త పోయిన అతని చెల్లెలు తిప్పమ్మ వేసవిలో ఆ మఠంలోనే చేరింది. ఆనాటి నుంచి కబురు లేదు. అది మంచి చోటో, చెడ్డ చోటో అతనికి తెలియదు. నిజం ఎంత చేదైనా సరే, తెలుసుకునే తీరాలనుకున్నాడు. చెల్లెలి సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

రాజు కొలువుకు ఇద్దరిని పిలిపించాడు. మఠంలో ఉంటున్న పర్వతయ్య, "మాది భూలోక స్వర్గం ప్రభూ" అన్నాడు. మఠం విడిచి వచ్చిన ఎల్లన, "అది నరకం దొరా" అన్నాడు.

రాజు మీసం సవరించుకున్నాడు. "లోపలివాడు దాస్తాడు, బయటికి వచ్చినవాడే నిజం చెబుతాడు. ఎల్లన ముఖంలో సత్యం వెలుగుతున్నది. తెల్లవారేసరికి గుట్ట ఖాళీ కావాలి."

బయట వాన కుండపోతగా కురుస్తున్నది. దేచన లేచాడు.

"మహారాజా, మన కొలువు విడిచి వెళ్ళిన సేనాపతి పొరుగు రాజ్యంలో తమ గురించి ఏవేవో చెబుతున్నాడట. అవీ నిజాలేనా?"

"వాడు కోపంతో పోయినవాడు. వాడి మాటకు విలువేమిటి?"

"మరి మేము తమను పొగిడే మాటలో?"

"అవి నిజాలే."

"మేము లోపలివాళ్ళం కదా ప్రభూ?"

కొలువంతా తల దించుకుంది. రాజు ముఖం ఎర్రబడింది. "అయితే నువ్వే తేల్చు. సాయంత్రంలోగా తేల్చలేకపోతే వాళ్ళతో పాటు నువ్వూ పొలిమేర దాటు."

దేచన చాలాసేపు ఆలోచించాడు. మంచిదా చెడ్డదా అని నలుగురిలో నిలబెట్టి అడిగితే ఎవరైనా తన పక్షం వదలగలరా? అడగవలసింది ఇంకేదో ఉంది.

మధ్యాహ్నం రాజును వేడుకుని, ఆ ఇద్దరూ దిగిన విడిదిలో తెర వెనుక కూర్చోబెట్టాడు. తాను చాప, దుప్పటి చుట్టగట్టి నెత్తిన పెట్టుకుని పర్వతయ్య ముందుకు వెళ్ళాడు.

"రేపు మీ మఠంలో చేరిపోతున్నానండీ. వెంట ఏం తెచ్చుకోమంటారు?"

పర్వతయ్య సంతోషించాడు. ఇంకో దుప్పటి తెచ్చుకోమన్నాడు. ఆపైన గొంతు తగ్గించి, "అమ్మ ఉన్నదా?" అని అడిగాడు.

"ఉన్నదండీ."

"ముందు వెళ్ళి ఆమెను చూసి రండి. తొలి ఏడాది గుమ్మం దాటనివ్వరు. మా అమ్మ పోయిన కబురు వస్తే, సాధన చెడుతుందని గురువుగారు నాకు చెప్పనేలేదు."

"కొలువులో ఈ మాట అనలేదేం?"

"పది మంది రాళ్ళు పట్టుకుని నిలబడితే, నా ఇంటి గోడకు పగులుందని నేనెలా చెబుతాను?"

ఆయన వెళ్ళాక ఎల్లనను రప్పించాడు. విషయం వినగానే, "మతి పోయిందా దొరా, వెళ్ళకండి" అన్నాడు ఎల్లన.

"నిశ్చయం చేసుకున్నాను. నాకు పనికొచ్చే మాట ఒకటి చెప్పు."

ఎల్లన నేల చూపులు చూశాడు. "భోజనాల దగ్గర ముసలి సూరమ్మ పక్కన కూర్చోండి, అడక్కుండానే వడ్డిస్తుంది. మీది ఏ కులమని ఎవరూ అడగరు. నా కాలికి పుండు పడితే సొంతవాళ్ళలా కడిగి కట్టు కట్టారు."

"మరి చీకట్లో ఏం జరుగుతుంది?"

"ఏముంది, ఏడుస్తారు. వెలుతురులో మగవాడు ఏడవలేడు గదా. నేనూ ఏడ్చాను."

"ఇంత మంచి చోటు ఎందుకు వదిలావు?"

"ఇంటి దగ్గర బిడ్డకు జ్వరమని కబురొచ్చింది. వెళ్ళనివ్వలేదు. గోడ దూకాను. ఇప్పుడు అక్కడ మంచి కూడా ఉందంటే ఊళ్ళో నన్ను కలుపుకుంటారా?"

ఎల్లనను పంపేశాక రాజు తెర తొలగించి వచ్చాడు. "మఠం ఉంటుంది. మూసిన గుమ్మం మాత్రం ఉండదు. ఎవరు ఎప్పుడు ఇంటికి పోతానన్నా పోనివ్వాలి" అన్నాడు. ఆ వెంటనే ఛాతీ విరిచాడు. "సరే, మన కొలువులో చేరబోయేవాడు నిన్ను ఇలాగే అడిగితే ఏం చెబుతావు?"

"నిన్ననే ఒక కుర్ర లేఖకుడు అడిగాడు ప్రభూ. రాజుగారు దయగలవారు, తప్పు తెలిస్తే దిద్దుకుంటారు అన్నాను."

"అంతేనా?"

"ఆయన ముఖం చూసి నిజం పట్టేస్తానన్నప్పుడు మాత్రం ఉత్తరీయం అడ్డం పెట్టుకో, లేకపోతే నీ నవ్వు పట్టేస్తారు అని చెప్పాను."

రాజు ఒక్క క్షణం బిగుసుకుపోయి, తర్వాత కడుపు పట్టుకుని నవ్వాడు. మెడలోని ముత్యాల హారం తీశాడు.

"హారం వద్దు ప్రభూ. ఆ ఉత్తరువు నా చేతికివ్వండి, నేనే తీసుకువెళతాను. నా చెల్లెలు అక్కడున్నది."

"ఉదయమే ఎందుకు చెప్పలేదు?"

"చెబితే నా మాటను ఏ పక్షాన వేసేవారు ప్రభూ?"

రాజు మళ్ళీ నవ్వి, ఉత్తరువు రాయించి ఇచ్చి, హారం కూడా దేచన మెడలో వేసి, తన పల్లకీని వాకిట్లోకి తెప్పించాడు. వాన వెలిసేదాకా ఆగమన్నా దేచన ఆగలేదు.