చల్లారని చారు

అనగనగా, రైళ్ళు రాకముందు, అగ్గిపెట్టెలు పుట్టకముందు, జర్మనుల దేశంలో ఒక పెద్ద అడవి. అడవి పక్కన ఒక చిన్న పల్లె. ఆ పల్లె పేరు ఈ కథ నాకు చెప్పిన మా మేనత్తకే నోరు తిరిగేది కాదు, ఇక నాకేం తిరుగుతుంది? ఇంటింటికీ పెద్దబాతులుండేవి కాబట్టి బాతుల పల్లె అనుకుందాం.

ఆ పల్లెలో చివరి ఇల్లు ఊర్సెల్‌ది. ఊళ్ళోవాళ్ళ బాతులు కాసి, ఊళ్ళోవాళ్ళ బఠాణీలు ఒలిచి బతికేది. ఆస్తి అంటే ఒక గది, ఒక పొయ్యి, ఒక కుండ. ఆమెకు ముగ్గురు కొడుకులు. పెద్దవాణ్ణి జ్వరం తీసుకుపోయింది. రెండోవాణ్ణి ఏరు తీసుకుపోయింది. మూడోవాణ్ణి రాజుగారి సైన్యం తీసుకుపోయింది.

మూడోవాడి పేరు వెల్టెన్. సైన్యం ముందు నడుస్తూ డప్పు కొట్టడానికి పిల్లలు కావాలని వచ్చి తీసుకెళ్ళేనాటికి వాడికి మీసం కూడా రాలేదు. అంతకుముందు వాడు బాతుల వెంట తిరిగి తిరిగి ఆలస్యంగా ఇల్లు చేరేవాడు. గుమ్మం బయటే నిలబడి, "అమ్మా, తలుపు వేశావా? చారు చల్లారిందా?" అని భయంభయంగా అడిగేవాడు.

"తోసుకుని రా నాయనా. తలుపు గడియ వెయ్యలేదు, చారు చల్లారలేదు" అనేది లోపలినుంచి ఊర్సెల్.

చారంటే మన మిరియాల చారు కాదు లెండి. బఠాణీలు మెత్తగా ఉడకబెట్టి చేసే చిక్కటి చారు. అంతకుమించి ఆ ఇంట్లో ఏమీ ఉండేది కాదు. తలుపూ చారూ అనే ఆ మాట ఆ తల్లీకొడుకులదే, అప్పట్లో ఇంకెవరికీ తెలియదు.

కొడుకు వెళ్ళాడు. యుద్ధం అయిపోయింది. ఇంకో యుద్ధం వచ్చింది, అదీ అయిపోయింది. కొడుకు రాలేదు. ఉన్నాడని చెప్పినవాళ్ళు లేరు, పోయాడని చెప్పినవాళ్ళూ లేరు. ఊర్సెల్ మాత్రం తలుపు గడియ వెయ్యలేదు. దొంగలొస్తారే అని ఎవరైనా అంటే, "వస్తే రానీండి, వాళ్ళకీ ఆకలేసి ఉంటుంది" అనేది.

బఠాణీల కాలంలో ఊరి ఆడవాళ్ళూ పిల్లలూ ఆమె ఇంటిముందు గంపలు దించుకుని కూర్చునేవారు. చేతులు కాయలు ఒలిచేవి, చెవులు కథ వినేవి. ఆ రోజులే వేరు. ఇప్పుడు బఠాణీలు ఒలిచేసి ప్యాకెట్లలో అమ్ముతున్నారు. ఒలిచే పనే లేకపోయాక, పక్కన కూర్చుని కథ చెప్పేవాళ్ళు మాత్రం ఎక్కడుంటారు?

ఊర్సెల్ ఎన్ని కథలు చెప్పినా పిల్లలు చివరికి అడిగేది ఒకటే. ఒక తల్లికి జబ్బు చేస్తుంది. అడవి నడుమ ఊటనీళ్ళు తెస్తే నయమవుతుంది. పెద్దకొడుకు వెళతాడు, రాడు. రెండోకొడుకు వెళతాడు, రాడు. మూడోవాడు వెళతాడు. దారిలో ఒక ముసలి మరుగుజ్జుకి తన రొట్టెలో సగం పెడతాడు. నీళ్ళు తీసుకుని తిరిగొస్తాడు. గుమ్మం బయట నిలబడతాడు. అప్పుడు కథలోని తల్లి అంటుంది, "తోసుకుని రా నాయనా. తలుపు గడియ వెయ్యలేదు, చారు చల్లారలేదు."

అలా ఇంట్లో మాట కథలోకి వచ్చింది.

ఆమె బాగా ముసలిదైపోయాక, పట్నం నుంచి లూడోల్ఫ్ అనే పంతులు వచ్చాడు. కాళ్ళకి బురద, వేళ్ళకి సిరా. ముసలివాళ్ళు పోతుంటే వాళ్ళతోపాటు కథలూ పోతున్నాయని ఆయన బెంగ. ఊరూరా తిరిగి, ఎవరి నోట ఏ కథ ఉంటే అది రాసుకునేవాడు, అచ్చు వేయించడానికి. మంచివాడే. కాకపోతే పాత కథ పాతగానే ఉండాలని పట్టుదల.

మొదటిరోజు ఊర్సెల్ కథ చెప్పింది. ఆయన చేతికీ ఒక గంప ఇచ్చారు. ఒలిచినవాటికంటే తిన్నవే ఎక్కువ. కథ అయ్యాక పంతులు తల గోక్కున్నాడు.

"అవ్వా, కొండమీద బొగ్గులు కాల్చేవాళ్ళు ఈ కథ ఇలా చెప్పలేదే! మూడోవాడు కూడా రాడట. ఆ తల్లి అడవి అంచున చూసి చూసి చెట్టయిపోతుందట. మీ అమ్మ ఎలా చెప్పేది?"

ఊర్సెల్ అబద్ధం చెప్పలేదు. "మా అమ్మా అలాగే చెప్పేది. ముగ్గురూ రారు."

"మరి నాకు అలాగే చెప్పు."

రెండోరోజు ఊర్సెల్ అలాగే మొదలుపెట్టింది. పెద్దవాడు వెళ్ళాడు, రాలేదు. రెండోవాడు వెళ్ళాడు, రాలేదు. మూడోవాడు అడవిలోకి వెళ్ళాడు. అక్కడ ఆగింది. ఒళ్ళోని బఠాణీలు నేలమీద దొర్లిపోయాయి. "ఇవాళ్టికి చాలు పంతులుగారూ" అని లేచి లోపలికి వెళ్ళిపోయింది.

మూడోరోజు పంతులు తానే ముగింపు రాసుకుని వచ్చాడు. "చదువుతాను, ఔనంటే చాలు" అన్నాడు. చదివాడు. మూడోవాడు కూడా రాలేదు, ఆ తల్లి చెట్టయిపోయింది.

"అబద్ధం!" అని అరిచింది లీస్బెట్. అది పక్కింటి పిల్ల, పళ్ళూడిన నోరు. "మూడోవాడు వస్తాడు!"

"వస్తాడు! వస్తాడు!" అని పిల్లలందరూ అందుకున్నారు.

"అమ్మాయీ, పాత కథలో రాడమ్మా" అన్నాడు పంతులు.

"మా అమ్మ చిన్నప్పుడు కూడా వచ్చాడు! కావాలంటే అడుగు!"

లీస్బెట్ తల్లి ఔనన్నట్టు తలూపింది. పంతులు ఊర్సెల్ వైపు తిరిగాడు. "అవ్వా, నువ్వెందుకు మార్చావు?"

"పంతులుగారూ," అంది ఊర్సెల్, "నా పెద్దవాణ్ణి నా చేతులతో పూడ్చాను. రెండోవాణ్ణీ పూడ్చాను. మూడోవాడు ఎక్కడున్నాడో నాకు తెలియదు. మీరేమో ఊరూరికీ వెళ్ళేలా అచ్చు వేయిస్తానంటున్నారు. వాడు రాడని నా నోటితో చెబితే, వాడొచ్చే దారి నేనే మూసేసినట్టు కాదా?"

పంతులు తన సిరా వేళ్ళు చూసుకున్నాడు. తర్వాత చిన్న చాకు తీసి, కాగితం మీది చెట్టును గీకేశాడు.

"నేను కథలు దాచడానికి వచ్చానవ్వా, తలుపులు వెయ్యడానికి కాదు. ఆ చివరిమాట మళ్ళీ చెప్పు."

ఊర్సెల్ నెమ్మదిగా, ఒక్కొక్క మాటే చెప్పింది. ఆయన ఒక్కొక్క మాటే రాసుకున్నాడు.

ఆ చలికాలం దాటకుండానే ఊర్సెల్ పోయింది. పోయేముందు లీస్బెట్ చెయ్యి పట్టుకుని, "తలుపు..." అంది.

"గడియ వెయ్యనవ్వా" అంది లీస్బెట్. "చారు కూడా చూసుకుంటాను."

పుస్తకం అచ్చయింది. పట్నం దాటింది, ఏరు దాటింది, ఏళ్ళ తరబడి తిరిగి దేశం దాటింది. చాలా దూరంలో, ఓడలు ఆగే ఒక ఊళ్ళో, పూటకూళ్ళ ఇంటి గుర్రాలకి మాలిష్ చేసే ఒక మనిషి ఉండేవాడు. గడ్డం నెరిసింది, ఒక కాలు కుంటిది. అతనే వెల్టెన్. సైన్యంలో ఎవరో "మీ పల్లె కాలిపోయింది, ఒక్క ప్రాణీ మిగల్లేదు" అని చెప్పారు. నమ్మాడు. ఎవరికోసం వెళ్ళాలి అనుకుని, వెళ్ళడం మానేశాడు.

ఒక ఆదివారం పగటిపూట ఆ ఇంటి యజమానురాలు తన పిల్లలకు కథ చదువుతోంది. "...తలుపు గడియ వెయ్యలేదు, చారు చల్లారలేదు."

వెల్టెన్ చేతిలోని కుంచె జారిపోయింది. "అమ్మా, ఆ మాట ఇంకోసారి చదవండి" అన్నాడు. ఆమె చదివింది. "ఇంకొక్కసారి" అన్నాడు. ఆమె చదివింది. మూడోసారి అడగలేదు. టోపీ తీసుకుని బయల్దేరాడు.

కుంటికాలితో నడిచి నడిచి పల్లె చేరాడు. ఇల్లు అలాగే ఉంది. గుమ్మం బయట నిలబడ్డాడు. అడగడానికి నోరు రాలేదు. తోశాడు. తలుపు తెరుచుకుంది.

పొయ్యి మీద కుండలో ఆవిరి. పక్కన బఠాణీలు ఒలుస్తూ ఒక ఆడమనిషి, చుట్టూ ఆమె పిల్లలు. ఆమె అతని గడ్డం చూసింది, కాలు చూసింది, కళ్ళు చూసింది.

"మూడోవాడివేనా?" అంది లీస్బెట్.

"ఔను" అన్నాడు. "అమ్మేదీ?"

"చూసి చూసి వెళ్ళిపోయింది బాబాయ్. తలుపు మాత్రం వెయ్యనివ్వలేదు. కూర్చో, చారు చల్లారలేదు."

ఆ నెరిసిన గడ్డం మనిషి గిన్నె ఒళ్ళో పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఏడుస్తూనే అడుగుదాకా తాగాడు.

కథల్లో ఎప్పుడూ మూడోవాడే గెలవడం అప్పట్నుంచే మొదలైందని బాతుల పల్లెవాళ్ళు అంటారు. పక్క ఊళ్ళవాళ్ళు ఒప్పుకోరు, వాళ్ళ సంగతి మనకెందుకు? ఇప్పటికీ అక్కడ కథ మొదలుపెట్టేముందు ఎవరో ఒకరు లేచి తలుపు గడియ తీస్తారట. పొయ్యి మీద ఒక గిన్నెడు చారు ఎక్కువే ఉంచుతారట. మూడోవాడు గుమ్మం దగ్గరికి రాగానే చెప్పేవాళ్ళు ఆగిపోతారు. మిగతా మాట పిల్లలే అంటారు, అందరూ కలిసి, గట్టిగా, దారిలో ఎవరున్నా వినబడేలా.

మన కథలన్నీ కంచికి వెళతాయి. ఊర్సెల్ కథ ఒక్కటే ఇంటికొచ్చింది.